చావు కబురు నుంచి ఏడాది పూజ దాకా: కతోలిక విచారణలో తోడు బృందం ఎలా నడపాలి

ఒక ఇంట్లో చావు జరిగితే తొలి మూడు రోజులు మనుషులకు కొదవ ఉండదు. పదకొండో రోజు భోజనాలయ్యాక చుట్టాలు బస్సులెక్కుతారు. టెంటు వాళ్లు కుర్చీలు లెక్క చూసుకుని తీసుకెళ్తారు. ఆ సాయంత్రం ఆరింటికి ఇల్లు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోతుంది. విచారణ, అంటే ఒక గుడి, ఒక ఫాదర్ కింద ఉండే కతోలిక సంఘం, చేయగలిగిన అసలు పని అక్కడే మొదలవుతుంది, కానీ మన విచారణల్లో చాలాచోట్ల సరిగ్గా అక్కడే ఆగిపోతుంది. భూస్థాపన ఘనంగా చేస్తాం, నెల తిరిగేసరికి ఆ గుమ్మం తొక్కేవాళ్లుండరు. ప్రేమ లేక ఇలా జరగడం లేదు. ఎవరు, ఎప్పుడు వెళ్లాలో ముందుగా అనుకోకపోవడం వల్ల జరుగుతోంది. అలాంటి ఇంటికి ఏడాది పొడవునా తోడుండే బృందాన్ని నడపడానికి కింద చెప్పిన పద్ధతి ఆ లోటు తీర్చడానికి.

ఇది లాటిన్ రీతి (రోము పూజాక్రమం) విచారణలను దృష్టిలో పెట్టుకుని రాసింది. ఆదిలాబాద్ మేత్రాసనంలోలాగా (ఒక బిషప్ కింద ఉండే ప్రాంతం) కేరళ నుంచి వచ్చిన సీరో-మలబారు రీతి ఉన్నచోట అంత్యక్రియల క్రమం వేరుగా ఉంటుంది. మిగతాదంతా అక్కడా పనికొస్తుంది.

బృందాన్ని కూర్చుకోవడం

ఆరు నుంచి ఎనిమిది మంది చాలు. అందులో సగం మందికి తగ్గకుండా ఆడవాళ్లు ఉండాలి. ఎందుకో కింద గాజుల సంగతి చదివితే తెలుస్తుంది. మరియ సేనా దళం, పేదలకు సాయం చేసే విన్సెంట్ డి పాల్ సంఘం వంటి విశ్వాసుల సంఘాలు ఉన్న విచారణలో మళ్లీ కొత్త సంఘం పేరు పెట్టనక్కర్లేదు, వాళ్లలోంచే మనుషుల్ని తీసుకోండి. ఒకరికి పంచాయతీ, మున్సిపాలిటీ కాగితాల పని తెలిసుండాలి. ఒకరు జపాలు, పాటలు నడిపించగలిగిన ఉపదేశి (విశ్వాస పాఠాలు చెప్పే మనిషి) అయితే మంచిది. మాటకారితనం కంటే నోరు అదుపులో పెట్టుకోగల గుణం ముఖ్యం. ఆ ఇంట్లో విన్న ఆస్తి గొడవ, అప్పు, తాగుడు సంగతి బావి దగ్గరికో వాట్సాప్ గ్రూపుకో చేరిందంటే ఆ ఒక్కరి వల్ల బృందానికి అన్ని తలుపులూ మూసుకుపోతాయి.

సొంత ఇంట్లో చావు జరిగి ఏడాది నిండనివాళ్లను అప్పుడే చేర్చుకోవద్దు. వాళ్లకు తోడు కావాలి, బరువు కాదు. ఒకేసారి ఒక జంటకు మూడు ఇళ్లకు మించి అప్పగించకండి.

గుడి సామాను గదిలో ఒక సంచి సిద్ధంగా ఉండాలి: బల్ల మీద నిలబడే సిలువ, రెండు లావు కొవ్వొత్తులు, అగ్గిపెట్టె, తీర్థజలం సీసా, ఉతికి మడతపెట్టిన తెల్లగుడ్డ, దూది, నాలుగు జపమాలలు, మృతుల కోసం చేసే జపాల పుస్తకం, పెద్ద అక్షరాల్లో పాటల కాగితాలు 20, పెన్ను, తెల్ల కాగితాలు. వాడిన ప్రతిసారీ ఎవరు నింపాలో పేరు రాసి సంచికే కట్టండి. తీర్థజలం సీసా ఖాళీగా దొరకడం చాలా మామూలుగా జరిగే తప్పు.

చావుకు ముందే: ఫాదర్‌ని ఆలస్యంగా పిలవడం

మన ఇళ్లలో ఒక భయం ఉంది. ఫాదర్ వచ్చి నూనె పూస్తే ఇక మనిషి పోయినట్టేనని అనుకుంటారు. అందుకే ఊపిరి ఆగాక పరుగెత్తుకొస్తారు. వ్యాధిగ్రస్తుల అభ్యంగనం బతికున్నవాళ్లకిచ్చే దివ్యసంస్కారం, చనిపోయినవాళ్లకు ఇవ్వరు. ప్రాణం ఉందో పోయిందో తెలియని స్థితిలో అయితే ఇవ్వొచ్చు, ఆ వెసులుబాటు తిరుసభ (కతోలిక చర్చి) చట్టంలోనే ఉంది. జబ్బు తగ్గి మళ్లీ పడినా, అదే జబ్బు ముదిరినా మళ్లీ తీసుకోవచ్చు. పెద్ద ఆపరేషన్‌కు ముందు, మంచాన పడ్డ ముసలితనంలో ఇది తీసుకోవచ్చని ఆదివారం పూజ (మాస్) తర్వాత ఏడాదికి రెండుసార్లయినా చెప్పించండి.

ఫాదర్ వచ్చేసరికి మంచం పక్కన చిన్న బల్ల మీద తెల్లగుడ్డ పరిచి సిలువ, కొవ్వొత్తి, తీర్థజలం, గ్లాసుతో మంచినీళ్లు, చెంచా, కొంచెం దూది పెట్టండి. నూనె పూసేది నుదుటి మీద, రెండు అరచేతుల్లో. చేతికి కట్లు, సూదులు ఉంటే ఫాదర్‌కి ముందే చెప్పండి. పాపసంకీర్తనం (ఫాదర్‌కి పాపాలు ఒప్పుకోవడం) ఉంటుంది కాబట్టి కాసేపు అందరూ బయటికి రావాలి, ఆ మాట ఇంటివాళ్లకు మీరే చెప్పాలి. మింగలేని మనిషికి సత్ప్రసాదం (పూజలో పవిత్రపరచిన అప్పం) చిన్న తునక చాలు, వెంటనే చెంచాడు నీళ్లు పట్టండి. ఐసీయూలో అయితే డ్యూటీ నర్సును అయిదు నిమిషాలు అడగండి. ఆక్సిజన్ దగ్గర కొవ్వొత్తి వెలిగించకూడదు.

కబురు అందాక తొలి రెండు గంటలు

ఈ వరస తప్పొద్దు.

1. ఇద్దరు ఆ ఇంటికి వెళ్లాలి, మూడో మనిషి ఫాదర్‌కి ఫోన్ చేయాలి. హైదరాబాదులోనో గల్ఫ్‌లోనో ఉన్న పిల్లలకు కబురు చేరిందని రూఢి అయ్యేదాకా వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టనివ్వకండి. కొడుకు తండ్రి చావు సంగతి స్టేటస్‌లో చూసి తెలుసుకోవడం జీవితాంతం మానని గాయం.

2. ఆసుపత్రిలో పోతే చావుకు కారణం రాసిన వైద్య ధ్రువపత్రం అక్కడే అడిగి తీసుకోవాలి. ప్రమాదం, పురుగుమందు, ఉరి వంటివైతే పోలీసులు, పోస్టుమార్టం తప్పవు. శరీరం చేతికి వచ్చేదాకా భూస్థాపన వేళ ప్రకటించొద్దు.

3. వేళ నిర్ణయించేటప్పుడు పూజా క్యాలెండర్ చూడండి. పాస్కా (ఈస్టర్) ముందు వచ్చే పవిత్ర గురు, శుక్ర, శనివారాల్లో, క్రిస్మస్ వంటి తప్పనిసరి పండుగల్లో, ఆగమన (క్రిస్మస్ ముందు), తపస్కాల (పాస్కా ముందు), పాస్కా కాలాల ఆదివారాల్లో అంత్యక్రియల పూజ చేయరు. వాక్యం, జపాలు, భూస్థాపన జరుగుతాయి, పూజ తర్వాత మరో రోజు పెట్టుకుంటారు. ఇది ముందే చెప్పకపోతే "మా నాన్నకు పూజ కూడా చెయ్యలేదు" అన్న బాధ ఏళ్ల తరబడి ఉండిపోతుంది.

4. ఫ్రీజర్ బాక్సు తెప్పిస్తే ఇంటి ఇన్వర్టర్ మీద నడుస్తుందో లేదో అద్దెకిచ్చేవాళ్లనే అడగండి. కరెంటు పోయే ఊరైతే జనరేటర్ మాట్లాడండి.

5. గుంత. దీనికి ఒక మనిషిని పూర్తిగా కేటాయించండి.

గుంత గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అక్కడ జరిగే పొరపాటు కుటుంబం కళ్లముందే జరుగుతుంది. తవ్వేవాళ్లకు మనిషి ఎత్తు చెబితే సరిపోదు, పెట్టె బయటి కొలత చెప్పాలి. భుజాల దగ్గర పెట్టె వెడల్పు ఎక్కువ, పిడులు ఇంకా బయటికి ఉంటాయి. ఆరున్నర అడుగుల పెట్టెకు ఏడున్నర అడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు ఉండాలి. తాళ్లు జారడానికి చుట్టూ అరడుగు సందు కావాలి. ఆ సందు లేకపోతే పెట్టె సగంలో ఇరుక్కుంటుంది, మనుషులు కాళ్లతో తొక్కి దించాల్సి వస్తుంది. ఆ దృశ్యం ఆ పిల్లలు మర్చిపోరు. పెట్టె గుమ్మం దాటకముందే ఒక మనిషి టేపు పట్టుకుని గుంత దగ్గరికి వెళ్లి కొలవాలి.

తాళ్లు రెండు, ఒక్కొక్కటి 20 అడుగులు. ఆరడుగుల లోతుకు అటూ ఇటూ పన్నెండు, పెట్టె కింద రెండు, మిగతాది చేతికి చుట్టుకోవడానికి. నూలు తాడో కొబ్బరి తాడో వాడండి, నైలాన్ తాడు తడి చేతిలో జారుతుంది. పల్నాడు, కర్నూలు నల్లరేగడి నేలల్లో వానాకాలం గుంత అంచులు విరిగి పడతాయి. ముందురోజు తవ్వి వదిలేయకుండా ఆ ఉదయమే తవ్వించండి, అంచుల మీద చెక్కలు పరచండి, నీళ్లు తోడటానికి బకెట్లు ఉంచండి.

సమాధుల తోటలో ఏ కులం వాళ్లకు ఏ మూల అన్న గీత ఉంటే బృందం దాన్ని పాటించకూడదు. జ్ఞానస్నానం (బాప్తిస్మం) అందరికీ ఒక్కటే. చావు రోజు గుంత దగ్గర ఈ వాదన పెట్టుకోవద్దు, ఏడాదిలో మామూలు రోజు చూసి విచారణ సలహా సంఘంలో, ఫాదర్ ముందు తేల్చుకోండి.

దహనం గురించి అడిగేవాళ్లు ఉంటారు. తిరుసభ భూస్థాపననే గట్టిగా కోరుతుంది. విశ్వాసానికి విరుద్ధమైన కారణంతో కాకపోతే దహనానికి 1963 నుంచీ అనుమతి ఉంది. అయితే అస్థికల్ని నదిలో కలపడం, గాలిలో చల్లడం, నగల్లో పెట్టుకోవడం కూడదని 2016లో రోము స్పష్టంగా చెప్పింది. వాటిని సమాధుల తోటలోనో, తిరుసభ కేటాయించిన పవిత్ర స్థలంలోనో ఉంచాలి. హిందూ చుట్టాలు గోదావరిలో కలుపుదామని ప్రేమతోనే అంటారు. వాళ్లతో గొడవ పడకుండా, ఇంటి పెద్దతో ఫాదర్‌నే మాట్లాడనివ్వండి.

ఇంటి దగ్గర జపం

ముప్పావు గంట దాటించకండి. పాట, చిన్న వాక్యం, దుఃఖ దేవరహస్యాల జపమాల, నిత్య విశ్రాంతి జపం, తీర్థజలం. జపమాల పరుగులు పెట్టించొద్దు. ఏడుపు పెరిగితే ఆ పది పూసల వరస దగ్గర ఆగండి, తగ్గాక మళ్లీ మొదలుపెట్టండి. మైకు వద్దు. రాత్రంతా స్పీకర్ మోగితే ఆ ఇంటి ముసలమ్మకు కునుకు ఉండదు, తెల్లారి భూస్థాపనలో కళ్లు తిరిగి పడిపోయేది ఆమే.

వాక్యాలకు సొలోమోను జ్ఞానగ్రంథం 3వ అధ్యాయం తొలి తొమ్మిది వచనాలు, యోహాను 11లో లాజరు ఘట్టం, యోహాను 14 మొదలు, రోమీయులు 8 చివర, మొదటి థెస్సలొనీక 4:13-18 సరిపోతాయి. ఏది చదవాలో ఇంట్లోవాళ్లను అడగండి. ఒక మనవరాలు చదువుతానంటే చదవనివ్వండి, కానీ పక్కన ఒక పెద్దమనిషి నిలబడాలి. గొంతు పట్టేస్తే అక్కడి నుంచి అందుకోవడానికి.

గుడిలో

గృహస్థుల (మామూలు విశ్వాసుల) పెట్టె పాదాలు పీఠం (పూజ చేసే బల్ల) వైపు ఉండేలా పెడతారు, గురువుల (ఫాదర్ల) పెట్టె తల పీఠం వైపు. మోసేవాళ్లకు గుమ్మంలోనే చెబితే లోపల తిప్పే తడబాటు ఉండదు. పాస్కా పండుగకు వెలిగించే పెద్ద కొవ్వొత్తి, పాస్కా కొవ్వొత్తి, పెట్టె దగ్గర వెలగాలి. అది సామాను గదిలో దుమ్ము పట్టి ఉంటుంది, ముందుగా తీయించండి.

ప్రసంగం వేళ చనిపోయినవాళ్ల పొగడ్త ఉండకూడదన్నది పూజా నియమం. ఆ సమయం వాక్యానిది, పునరుత్థాన నిరీక్షణది. సత్ప్రసాదం తర్వాతి జపం అయ్యాక, చివరి వీడ్కోలుకు ముందు ఇంటి తరఫున ఒకరు మాట్లాడవచ్చు. ఒక్కరే, మూడు నిమిషాలు, కాగితం మీద రాసుకుని, ముందురోజు ఫాదర్‌కి చూపించి. ఊరి నాయకుడు వచ్చి మైకు అడిగితే సమాధుల తోట బయట చూసుకుందామని మర్యాదగా చెప్పే మనిషిని ముందే పెట్టుకోండి.

వేరే విశ్వాసాల చుట్టాలు సత్ప్రసాద వరసలో నిలబడి తికమకపడతారు. వరస మొదలయ్యే ముందు "కతోలికులు కానివారు కూర్చుని మాతో కలిసి ప్రార్థించండి" అని ఉపదేశి ఒక్క మాట మెల్లగా చెబితే చాలు.

గాజులు, బొట్టు

భర్త పోయిన ఆడమనిషికి బొట్టు చెరపాలని, గాజులు పగలగొట్టాలని, పూలు పెట్టి తీయాలని కతోలిక క్రమంలో ఎక్కడా లేదు. ఊరి ఆచారంగా వచ్చింది, మన ఇళ్లలోనూ జరుగుతోంది. బృందంలోని ఆడవాళ్లు దీనికి ముందురోజే సిద్ధం కావాలి.

ఆమెను ఒక్కదాన్నే గదిలోకి తీసుకెళ్లి అడగండి: "వదినా, గాజుల సంగతి నీ ఇష్టం ఎలా అంటే అలా. నువ్వు చెప్పు." ఆ క్షణంలో ఆమె ఏమీ చెప్పలేకపోతే వద్దన్నట్టే తీసుకోండి. తర్వాత అత్తగారితో, పెద్దాడపడుచుతో ఫాదరే మాట్లాడేలా చూడండి, ఆయన మాటకు ఉన్న బరువు మీ మాటకు ఉండదు. పెట్టె మూసే వేళ ఇద్దరు ఆమెకు కుడిఎడమల ఆనుకుని కూర్చుని, చేతులు తమ చేతుల్లోకి తీసుకోవాలి. ఎవరో ఒక ముసలామె మణికట్లు పట్టి రాయికేసి కొట్టబోయేది అప్పుడే. మీ చేతులు అప్పటికే అక్కడ ఉంటే ఆమె ఆగిపోతుంది. పగిలిన గాజు పెంకులు మణికట్టులో దిగి రక్తం కారుతుంటే భర్త ముఖం చివరిసారి చూసుకోవాల్సిన ఆడమనిషిని తలుచుకోండి. ఇది ఆపడానికి సంకోచం పెట్టుకోకండి.

తీసేయాలని ఆమే కోరుకుంటే తర్వాత ఇంట్లో, సబ్బునీళ్లతో ఒక్కొక్కటే జార్చి తీయండి. తాళి సంగతీ ఆమె ఇష్టమే.

ఏం మాట్లాడాలి, ఏం మాట్లాడకూడదు

యోబు స్నేహితులు ఏడు పగళ్లు ఏడు రాత్రులు అతనితో నేలమీద కూర్చుని ఒక్క మాటా మాట్లాడలేదు. వాళ్లు సరిగ్గా చేసింది అదొక్కటే. నోరు తెరిచి కారణాలు చెప్పడం మొదలెట్టాకే తప్పు చేశారు.

"దేవుని చిత్తం", "మంచివాళ్లనే దేవుడు ముందు తీసుకెళ్తాడు", "ఏడవకు, ఆత్మకు శాంతి ఉండదు", "ఇంకో బిడ్డ పుడతాడులే" అనే మాటలు వద్దు. మొదటిది విశ్వాసంతోనే అంటాం, కానీ విన్న తల్లికి నా బిడ్డను దేవుడే చంపాడా అని వినిపిస్తుంది. లాజరు సమాధి దగ్గర యేసుప్రభువు కన్నీరు కార్చారు, తాను లేపబోతున్నానని తెలిసి కూడా. ఏడుపు ఆపించడం మన పని కాదు.

చనిపోయినవాళ్ల పేరు పలకండి. "జోజప్ప అన్న పొద్దున్నే గుడి గంట కొట్టేవాడు కదా అక్కా" అంటే ఆమె ముఖం ఎత్తి చూస్తుంది. "ఏదైనా కావాలంటే చెప్పండి" అనకండి, ఎవరూ చెప్పరు. "రేపు పదింటికి వచ్చి గ్యాస్ బుక్ చేయిస్తా" అనండి, పదింటికి వెళ్లండి.

పిల్లలకు "నాన్న నిద్రపోయాడు", "ఊరెళ్లాడు" అని చెప్పొద్దు. నిద్రంటే భయపడతారు, గుమ్మం దగ్గర ఎదురుచూస్తారు. "నాన్న చనిపోయాడు. ఆయన ఊపిరి ఆగిపోయింది. ఇక ఇంటికి రాడు. దేవుని దగ్గర ఉండాలని మనం ప్రార్థన చేస్తాం. నీ తప్పు ఏమీ లేదు." ఈ చివరి మాట తప్పకుండా చెప్పండి, చాలామంది చిన్నపిల్లలు తమ అల్లరి వల్లే ఇలా అయిందనుకుంటారు.

వంట

పొయ్యి వెలిగించని రోజుల్లో 30 మందికి ఒక పూటకు నాలుగు కిలోల బియ్యం, కిలోంపావు కందిపప్పు, ఒక కూర, చారు, మూడు లీటర్ల పెరుగు సరిపోతాయి. షుగరు ఉన్నవాళ్లకు వేళకు నాలుగు చపాతీలు, పసిపిల్లలకు పాలు విడిగా పంపండి. దుఃఖంలో మాత్ర వేసుకోవడం మరిచిపోయి పడిపోయేవాళ్లు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. మందుల డబ్బా ఎక్కడుందో కనుక్కుని, వేళకు ఇచ్చే పని ఒకరికి అప్పగించండి.

గిన్నెల మీద పేర్లు రాయించి ఉంచండి, రాత్రికి మీరే కడిగి తీసుకెళ్లండి. ఎవరి గిన్నె ఎవరిదో లెక్క చూసుకునే పని ఆ ఇంటికి పెట్టకూడదు.

పదకొండో రోజు లేదా నలభయ్యో రోజు పెద్ద భోజనాల కోసం వడ్డీకి అప్పు తెచ్చే కుటుంబాలున్నాయి. దీన్ని బృందం గట్టిగా వద్దనాలి. పూజ, తర్వాత గుడి ఆవరణలో టీ, బిస్కెట్టు. ఊళ్లో డబ్బున్న రెండు కుటుంబాలు ముందుగా అలా చేస్తేనే లేనివాళ్లకు ధైర్యం వస్తుంది. ఆ రెండు కుటుంబాలను ఒప్పించమని ఫాదర్‌ని అడగండి.

కాగితాలు

మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించాలి, గ్రామంలో పంచాయతీ కార్యదర్శి దగ్గర, పట్నంలో మున్సిపాలిటీలో. దాటితే ఆలస్య రుసుము, ఏడాది దాటితే ఇంకా పెద్ద తతంగం. గుడి మృతుల పుస్తకంలో ఎక్కడం దీనికి బదులు కాదు, అదీ ఇదీ రెండూ కావాలి. పేరు ఆధార్‌లో ఉన్నట్టే రాయించండి. ఇంట్లో మరియమ్మ, ఆధార్‌లో ఇంకో పేరు ఉండటం మనవాళ్లలో చాలా ఎక్కువ. ఈ ఒక్క తేడాతో బ్యాంకు, బీమా, వితంతు పింఛను అన్నీ ఆగిపోతాయి. ధ్రువపత్రం ప్రతులు పది తీయించండి.

ఆస్తి పంపకాల్లో బృందం నోరు పెట్టకూడదు, సాక్షి సంతకాలు చేయకూడదు, డబ్బు చేతిలోకి తీసుకోకూడదు. సాయం ఇవ్వాలంటే విన్సెంట్ డి పాల్ సంఘం ద్వారా, రసీదుతో.

నోటు పుస్తకం: ఏడాది వరస

ఒక ఇంటికి ఒక పేజీ. చనిపోయినవాళ్ల పేరు, తేదీ, పుట్టినరోజు, పెళ్లిరోజు, ఇంట్లో మిగిలినవాళ్ల పేర్లు, వెళ్లాల్సిన జంట పేర్లు. తర్వాత తేదీలు: 3, 7, 30వ రోజుల పూజలు తిరుసభ పాత సంప్రదాయం. మన ఊళ్లలో 11, 40 కూడా ఉంటాయి. బృందం వెళ్లాల్సింది వీటి మధ్య ఖాళీల్లో. పన్నెండో రోజు సాయంత్రం తప్పకుండా వెళ్లాలి. తర్వాత రెండు నెలలు వారానికోసారి, ఆపైన పదిహేను రోజులకోసారి, ఆర్నెల్ల తర్వాత నెలకోసారి. క్రిస్మస్ ముందు వారం, పాస్కా, పుట్టినరోజు, పెళ్లిరోజు విడిగా గుర్తుపెట్టుకోవాలి. మొదటి క్రిస్మస్‌కు నక్షత్రం కట్టాలా వద్దా అని ఆ ఇల్లు మథనపడుతుంది. "కడదామా?" అని అడిగి, సరేనంటే మీరే నిచ్చెన తెచ్చి కట్టండి.

ప్రతిసారీ ఇద్దరు, ముప్పావు గంట. ఒంటరి ఆడమనిషి ఇంటికి మగవాళ్లు మాత్రమే వెళ్లొద్దు. జపం చేద్దామా అని అడిగి, ఒప్పుకుంటేనే చేయండి. దేవుని మీద కోపంగా ఉన్నవాళ్లు వద్దంటారు. వద్దంటే టీ తాగి, ఊసులు చెప్పుకుని రండి, మీ ఇంటికొచ్చాక వాళ్లకోసం జపమాల చెప్పండి. కీర్తనల్లోనే దేవుని మీద నేరుగా మొరపెట్టుకున్నవి బోలెడున్నాయి, కోపం విశ్వాసం పోయిందనడానికి గుర్తు కాదు.

పూజ కానుక (ఒకరి ఉద్దేశం కోసం పూజ చేయమని ఫాదర్‌కి ఇచ్చే డబ్బు) విషయంలో ఒక మాట. ఒక్కో కానుకకు ఒక్కో పూజ చేయాలన్నది సాధారణ నియమం, క్రిస్మస్ రోజు తప్ప గురువు రోజుకు ఒక్క కానుకే ఉంచుకోవచ్చు. లేనివాళ్ల ఉద్దేశానికి కానుక లేకుండా పూజ చేయమని తిరుసభ చట్టమే గురువులకు చెబుతోంది. ఈ సంగతి తెలియక, చేతిలో డబ్బు లేదని పూజ అడగకుండా ఊరుకునేవాళ్లున్నారు. ఆ పేరు మీరే ఫాదర్‌కి అందించండి.

కష్టమైన చావులు

ఆత్మహత్య చేసుకున్నవాళ్లకు గుడిలో పూజ లేదని ఇప్పటికీ అనుకుంటారు. అది పాత మాట. 1983 తిరుసభ చట్టం అంత్యక్రియలు నిరాకరించాల్సినవాళ్ల జాబితాలో వాళ్లను చేర్చలేదు. వాళ్ల రక్షణ గురించి నిరాశ పడకూడదని, వాళ్లకోసం ప్రార్థించాలని తిరుసభ బోధల పుస్తకమైన సత్యోపదేశం చెబుతోంది. అప్పులపాలైన పత్తిరైతు ఇంటికైనా, ఫలితాల రోజు బిడ్డను పోగొట్టుకున్న తల్లి దగ్గరికైనా బృందం అందరికంటే ముందు వెళ్లాలి. ఎందుకు, ఎలా అని అడగొద్దు. ఊరు వాళ్లను అప్పటికే వంద ప్రశ్నలు అడిగి ఉంటుంది.

జ్ఞానస్నానం ఇప్పించాలని తల్లిదండ్రులు అనుకుంటుండగా పోయిన పసిబిడ్డకు పీఠాధిపతి (బిషప్) అనుమతితో అంత్యక్రియలు చేయవచ్చు. కడుపులోనే పోయిన బిడ్డకు పేరు పెట్టుకున్నారేమో తల్లిని అడగండి. జపంలో ఆ పేరు చెప్పండి.

వారాల తరబడి తిండి, నిద్ర లేకపోవడం, పొద్దున్నుంచే తాగడం, "నేనూ పోతే బాగుండు" అనడం కనిపిస్తే అది జపంతో సరిపెట్టే విషయం కాదు. ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. మానసిక సాయం కోసం ప్రభుత్వం నడిపే టెలి-మానస్ 14416 నంబరుకు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. పురుగుమందు డబ్బాలు, మిగిలిపోయిన నిద్రమాత్రలు ఇంట్లోంచి తీసేయించండి. ఆ మనిషిని రాత్రిపూట ఒంటరిగా వదలొద్దు.

నవంబరు

సకల ఆత్మల స్మరణ నవంబరు 2న. ఆ రోజు కొత్త సమాధి ముందు ఎవరూ ఒంటరిగా నిలబడకుండా చూడటం బృందం బాధ్యత. అక్టోబరు చివరి వారంలో వెళ్లి ఆ ఇంటివాళ్లతో కలిసి కలుపు తీయండి, కుంగిన మట్టి నింపండి, సున్నం వేయండి. మొదటి వానకు సమాధి మట్టి కుంగుతుంది, అది చూసి తల్లడిల్లిపోతారు, ముందే చెప్పి ఉంచండి. రాయి, సిమెంటు పని కనీసం ఒక వానాకాలం గడిచాక చేయించమనండి, లేకపోతే పగుళ్లిస్తుంది. 1 నుంచి 8వ తేదీ వరకు సమాధుల తోటకు వెళ్లి మృతులకోసం ప్రార్థించేవారు పాపసంకీర్తనం, సత్ప్రసాదం, పోపుగారి ఉద్దేశాల కోసం జపం అనే నియమాలతో వారికోసం సంపూర్ణ దండవిమోచన ఫలం (పాపాలకు మిగిలిన శిక్ష నుంచి విడుదల) పొందవచ్చు. నడవలేని వృద్ధులకు ఆటో మాట్లాడండి.

నవంబరు 2 పూజలో చదివే పేర్ల పట్టిక అక్టోబరు 31 సాయంత్రానికల్లా ఫాదర్ చేతికి చేరాలి. ఇంటిపేరు, జ్ఞానస్నానపు పేరు, ఊళ్లో పిలిచే పేరు ఇంట్లోవాళ్ల దగ్గరే సరిచూసుకోండి, పెద్ద అక్షరాలతో రాయండి. చదివే ఉపదేశిని ఒకసారి బయటికి చదివించుకోండి. ఆ పేరు వినడానికి ఒక మనిషి వెనక బల్లలో ఊపిరి బిగబట్టి కూర్చుని ఉంటుంది.

ఏడాది పూజకు అప్పం, ద్రాక్షరసం పీఠం దగ్గరికి ఆ ఇంటివాళ్లే తీసుకెళ్లేలా ఏర్పాటు చేయండి. తర్వాత నోటు పుస్తకంలో ఆ పేజీ కొట్టేయొద్దు, వచ్చే నవంబరుకు ఆ పేరు మళ్లీ కావాలి. మరికొన్ని నెలలకు, వేరే ఇంట్లో చావు జరిగినప్పుడు, ఏడాది నిండిన ఆ ఇంటి ఆడమనిషి దగ్గరికి వెళ్లి "పిన్నీ, ఆ ఇంటికి క్యారేజీ తీసుకెళ్తున్నాం, నువ్వూ వస్తావా?" అని అడగండి. రానంటే బలవంతం చేయకండి. వస్తానంటే గిన్నె మీద ఆమె పేరు రాయించండి.